అగస్త్యభ్రాతలకు అభినందన

రామాయణం విన్నవాళ్లకు అగస్త్యభ్రాత గుర్తుండే ఉంటాడు. అరణ్యకాండలో రాముడు అగస్త్య మహర్షిని చూడబోతూ దారిలో ఆయన తమ్ముడి ఆశ్రమంలో ఒక రాత్రి ఆగుతాడు. ఆ తమ్ముడు ఆతిథ్యమిచ్చాడు, కందమూలాలు పెట్టాడు, పొద్దున్నే సాగనంపాడు. ఇంత చేసినవాడి పేరేమిటో వాల్మీకి చెప్పలేదు. అగస్త్యుడి తమ్ముడు, అంతే. అప్పట్నుంచి ఫలానావాళ్ల తాలూకు అని తప్ప సొంత పేరుతో ఎవరికీ తెలియని మనుషులంతా మన భాషలో అగస్త్యభ్రాతలయ్యారు.

మా కుప్పం పక్కన అలాంటి తమ్ముళ్లు, చెల్లెళ్లు వందల్లో ఉన్నారు. బడి పిల్లలకు వాళ్లు ‘అగస్త్య సార్’, ‘అగస్త్య మేడం’. వ్యాన్ దిగుతారు, పెట్టెలు దించుతారు, బల్లల మీద సామాను పరుస్తారు, సాయంత్రం మళ్లీ సర్దుకుని వెళ్లిపోతారు. అసలు పేరు అడిగితే పిల్లలు నాలుక కరుచుకుంటారు. 1999లో మొదలైన అగస్త్య ఇంటర్నేషనల్ ఫౌండేషన్‌కు పాతికేళ్లు నిండాయి. రజతోత్సవమంటే స్థాపించినవారికి, చందాలిచ్చినవారికి దండలు పడతాయి. పడవలసిందే. నేను తెచ్చిన దండ మాత్రం ఆ పేరు తెలియని తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ. ముప్పై ఏళ్లకు పైగా బడిలో సుద్దముక్క అరగదీసినవాడిగా ఆ పని చేసే హక్కు నాకుందనుకుంటున్నాను. ఎందుకో చెబుతాను.

బీరువా తాళం

నేను ఉద్యోగంలో చేరిన ప్రాథమికోన్నత పాఠశాలలో రెండు గదులు, ఒక వరండా, ఒక ఇనుప బీరువా ఉండేవి. ఆ బీరువాలో ప్రభుత్వం పంపిన సైన్స్ కిట్ ఉండేది. ఉన్నట్టు స్టాక్ రిజిస్టర్ చెప్పేది. గాజు బీకర్లు ఇన్ని, పరీక్షనాళికలు ఇన్ని, అయస్కాంతాలు రెండు, భూతద్దం ఒకటి. చేరిన కొత్తలో ఉత్సాహం కదా, తాళంచెవి అడిగాను. హెడ్మాస్టరు గారు కళ్లజోడు పైకి జరిపి, “పగిలితే ఎవరు కట్టాలయ్యా?” అన్నారు.

ఆయన చెడ్డవారు కారు. ఆడిట్‌కు వచ్చినవాడు బీకరు వాడారా అని అడగడు, ఉందా అని అడుగుతాడు. ఉంటే చాలు. అందుకని మా సైన్సంతా నల్లబల్ల మీదే నడిచింది. సుద్దముక్కతో పరీక్షనాళిక గీసేవాణ్ణి, అందులో సుద్దముక్కతోనే నీళ్లు పోసేవాణ్ణి, కింద సుద్దముక్కతోనే మంట పెట్టేవాణ్ణి. పిల్లలు ఆ బొమ్మను నోటు పుస్తకంలో దించుకునేవాళ్లు. చక్కగా దించినవాడికి పదికి పది. అయస్కాంతం ఇనుమును ఆకర్షించును అని కంఠతా పట్టినవాడు అయస్కాంతం ముట్టుకోకుండానే ఏడో తరగతి గట్టెక్కేవాడు.

ఇది నా ఒక్కడి బడి కథ కాదని ఈ వ్యాసం చదివే ప్రతి ఉపాధ్యాయుడికీ తెలుసు. 1993లో ప్రొఫెసర్ యశ్‌పాల్ కమిటీ ‘భారం లేని చదువు’ పేరిట ఇచ్చిన నివేదిక ఈ జబ్బునే పట్టుకుంది. పుస్తకాల సంచి బరువు కన్నా అర్థం కాని చదువు బరువే పిల్లవాడికి ఎక్కువని అందులోని సారాంశం. 2005 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రమూ ఆ మాటే అన్నది. నివేదికలు ఢిల్లీ నుంచి వచ్చాయి, మండల కేంద్రం దాకా చేరాయి. బీరువా తాళం దాకా రాలేదు.

మూడు భాషల మూల

కుప్పం చూడనివాళ్లకు రెండు ముక్కలు చెప్పాలి. చిత్తూరు జిల్లాకు ఒక కొసన, ఒక పక్క కర్ణాటక, ఒక పక్క తమిళనాడు పెట్టుకుని ఉన్న చిన్న పట్టణం మాది. ఇంట్లో ఒక భాష, సంతలో ఒక భాష, రైల్లో ఒక భాష మాట్లాడే పిల్లలు మా బళ్లలో మామూలు. పొలాల్లో చెనక్కాయలు, టమోటాలు. ఇళ్లలో పట్టుపురుగుల తట్టలు. చుట్టూ గ్రానైటు గుట్టలు. వాన నమ్మకం లేనిది. పొద్దున్నే బెంగుళూరు రైలెక్కి కూలికీ కొలువుకీ పోయి రాత్రికి తిరిగొచ్చే తండ్రులు ఎంతోమంది. 1997లో ద్రావిడ విశ్వవిద్యాలయం వచ్చేదాకా పెద్ద చదువుల పటంలో మా ఊరికి చుక్క కూడా లేదు.

అలాంటి చోటికి రామ్‌జీ రాఘవన్ వచ్చారు. లండన్‌లో చదువుకున్న బ్యాంకరు, విదేశాల్లో మంచి ఉద్యోగం వదులుకుని తిరిగొచ్చిన మనిషి. అంతకన్నా మాకు దగ్గరి చుట్టరికం ఒకటుంది. ఆయన చిన్నప్పుడు చదివింది మదనపల్లె దగ్గరి రిషివ్యాలీలో. జిడ్డు కృష్ణమూర్తి ఆలోచనల మీద నిలబడ్డ ఆ బడిలో పిల్లవాడు ప్రశ్న వేస్తే అది అల్లరి కింద జమకట్టరు. ఆ గాలి పీల్చిన మనిషికి, అదే గాలి ఫీజు కట్టలేని పిల్లలకు ఎందుకు అందకూడదన్న ఆలోచన రావడం సహజమే. రావడం సహజం, పాతికేళ్లు దాన్ని వదలకపోవడం మాత్రం అరుదు. అణుశక్తి సంఘానికి అధ్యక్షుడిగా పనిచేసిన శాస్త్రవేత్త పి.కె. అయ్యంగార్ వంటి పెద్దలు మొదటి రోజుల్లోనే ఆయనకు తోడు నిలిచారు.

గుడుపల్లె మండలం గుడివంక దగ్గర గుట్ట మీది 172 ఎకరాల నేల వాళ్ల స్థావరమైంది. అప్పటికది రాయీ ముళ్లకంపా తప్ప మేకలకు కూడా పెద్దగా పనికిరాని నేల. ముందు నీళ్లు నిలిపారు, చెట్లు పెట్టారు. ఆ తర్వాతే ప్రయోగశాలలు లేచాయి. ఇవాళ ఆ దారిన పోతుంటే చల్లగాలి తగులుతుంది. వింధ్యను వంచి దక్షిణానికి దారి వేసిన మహర్షి పేరు పెట్టుకున్నందుకు, నగరాల్లో ఆగిపోయిన విద్యను గుట్టలు దాటించి మా పల్లెలకు తెచ్చారు. పేరు వృథా కాలేదు.

ముట్టుకోవచ్చా సార్?

కానీ పిల్లలందరినీ ఆ గుట్ట మీదికి తీసుకెళ్లడం కుదిరే పని కాదు. అందుకని గుట్టే బండెక్కింది. మొబైల్ సైన్స్ ల్యాబ్ అని దాని అసలు పేరు. మా పిల్లలకది ‘అగస్త్య వ్యాన్’.

మా బడికి అది మొదటిసారి వచ్చిన రోజు నాకు బాగా గుర్తు. పొద్దున ప్రార్థన అయింది. వరండాలో బల్లలు వేశారు. వ్యాన్‌లోంచి పెట్టెలు దిగాయి. ఏ విదేశీ యంత్రాలో చూడబోతున్నామనుకున్నాం. దిగినవేమిటంటే ప్లాస్టిక్ సీసాలు, సైకిల్ చువ్వలు, బెలూన్లు, అద్దం ముక్కలు, అట్టపెట్టెలు, స్ట్రాలు, సిరంజీలు. ఊపిరితిత్తుల నమూనా అంటే ఏమిటనుకున్నారు? అడుగు కోసిన సీసా, లోపల రెండు బెలూన్లు, అడుగున బిగించిన ఇంకో బెలూన్ ముక్క. కింది రబ్బరును లాగితే లోపలి బెలూన్లు ఉబ్బుతాయి, వదిలితే ముడుచుకుంటాయి. శ్వాసక్రియ పాఠం నేను పదిహేనేళ్లు చెప్పాను. ఉదరవితానం అన్న మాట పలకలేక పిల్లలు పడ్డ అవస్థ నాకు తెలుసు. ఆ రోజు ఒక పిల్లవాడు రబ్బరు లాగి, వదిలి, తన డొక్క పట్టుకుని చూసుకుని, “ఓ, ఇదా!” అన్నాడు. నా పదిహేనేళ్లూ ఆ రెండు మాటల ముందు చిన్నబోయాయి.

అన్నిటికన్నా మనసులో నిలిచిపోయింది ఇంకొకటి. బల్లల చుట్టూ పిల్లలు చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డారు. అది మేము నేర్పిన క్రమశిక్షణ. ఎవరూ దేన్నీ తాకలేదు. చివరికి ఆరో తరగతి పిల్ల ఒకతె భయం భయంగా, “ముట్టుకోవచ్చా సార్?” అని అడిగింది. ఆ కుర్ర ఇన్‌స్ట్రక్టర్ నవ్వి, “ముట్టుకోడానికే కదమ్మా తెచ్చింది” అన్నాడు. “పగిలితే?” “పగిలితే ఎట్ల పగిలిందో చూద్దాం.”

మా హెడ్మాస్టరు గారి ప్రశ్నకు ఇరవై ఏళ్ల తర్వాత జవాబు వచ్చింది. చెప్పినవాడు పాతికేళ్ల కుర్రాడు. పేరు అడగాలని నాకప్పుడు తోచలేదు.

వ్యాన్ పోలేని దారులూ మా వైపు ఉన్నాయి. వాటి కోసం మోటారు సైకిలు వెనక పెట్టె కట్టి ల్యాబ్ చేశారు. ల్యాబ్ ఆన్ ఎ బైక్ అన్న ఆ ఆలోచన 2013లో గూగుల్ సంస్థ మన దేశంలో పెట్టిన పోటీలో నెగ్గి 3 కోట్ల రూపాయల బహుమతి తెచ్చింది. ఊళ్లో ఐస్‌బండి వాడు గంట కొడితే పిల్లలు ఎట్లా పరిగెత్తుతారో, ఆ బైకు చప్పుడుకు అట్లా పరిగెత్తేవాళ్లు. ఇవాళ ఈ బళ్లూ కేంద్రాలూ కుప్పం దాటి, రాష్ట్రం దాటి, దేశంలోని ఎన్నో రాష్ట్రాలకు వెళ్లాయి. చేరిన పిల్లల లెక్క కోటి ఎప్పుడో దాటింది.

కొవ్వొత్తి చెప్పిన పాఠం

బడి గంట సాయంత్రం నాలుగింటికి కొడుతుంది. పట్నం పిల్లవాడికి అప్పుడు ట్యూషన్ మొదలవుతుంది, లేదంటే కరాటే, లేదంటే సంగీతం. మా పల్లె పిల్లవాడికి మేకలు, మల్బరీ ఆకు, చెల్లెల్ని ఎత్తుకోవడం మొదలవుతాయి. ఇంట్లో పలక పట్టించేవాళ్లుండరు. అమ్మానాన్నా ఇంకా పొలం నుంచో రైలు నుంచో దిగి ఉండరు. అందుకే సాయంత్రం చదువు అన్నది మా పల్లెల్లో సరదా కాదు, అవసరం. ఆపరేషన్ వసంత పేరుతో అగస్త్య వాళ్లు ఊళ్లలో పొద్దుగూకాక నడిపిన చదువులు ఆ అవసరంలోంచే వచ్చాయి. చెప్పేది ఆ ఊరి వాళ్లే. డిగ్రీ చదువుతున్న అమ్మాయో, ఇంటర్ అయి ఇంటి దగ్గరున్న అబ్బాయో.

అలాంటి ఒక సాయంత్రం నేను చూశాను. గంగమ్మ గుడి అరుగు. ఇరవై మంది దాకా పిల్లలు, రెండో తరగతి నుంచి ఏడో తరగతి దాకా కలగలిపి. మా చుట్టాలింటికి పోతూ అరుగు చివర కాసేపు కూర్చున్నాను. చదువు చెప్పే అమ్మాయి లెక్కలు చేయిస్తుండగా కరెంటు పోయింది. పిల్లలు హో అని అరిచారు. ఆ అమ్మాయి సంచిలోంచి కొవ్వొత్తి తీసి వెలిగించింది. వెలిగించి, “సరే, లెక్కలు చాలు. దీంతోనే ఒకటి చేద్దాం” అంది.

పళ్లెంలో నీళ్లు పోసి, మధ్యలో కొవ్వొత్తి నిలబెట్టి, పైన గాజు గ్లాసు బోర్లించింది. మంట కాసేపు ఊగి ఆరిపోయింది. పళ్లెంలో నీళ్లు గ్లాసులోకి ఎగబాకాయి. పిల్లలు చప్పట్లు కొట్టారు.

ఈ ప్రయోగం నేను నల్లబల్ల మీద బహుశా వందసార్లు చేసి ఉంటాను. వివరణ కూడా నోటికి వచ్చు. గాలిలో ఐదోవంతు ఆక్సిజన్, మంట దాన్ని వాడేసుకుంటుంది, ఖాళీ అయిన చోటికి నీళ్లు వస్తాయి, అందుకే గ్లాసులో ఐదోవంతు ఎత్తు నీళ్లు లేస్తాయి. పరీక్షలో నాలుగు మార్కులు. పెద్దమనిషిని కదా, అరుగు చివర నుంచి ఆ వివరణ నేనే చెప్పేశాను. పిల్లలు బుద్ధిగా తలూపారు.

ఒక్కడు ఊపలేదు. నాలుగో తరగతి వాడు, ముక్కు చీదుకుంటూ ముందు వరసలో కూర్చున్నాడు. “అట్లయితే సార్, మంట మండేటప్పుడే నీళ్లు రావాల గదా. ఆరినాంక వచ్చె గదా నీళ్లు” అన్నాడు.

అరుగు మీద చప్పుడు లేదు. నా దగ్గర జవాబూ లేదు. ఆ అమ్మాయి నా వైపు చూసింది, వాడి వైపు చూసింది. “నాకూ తెలీదురా. మళ్లీ చేసి చూద్దాం” అంది.

మళ్లీ చేశారు. ఈసారి అందరి కళ్లూ నీళ్ల మీదే. గ్లాసు బోర్లించగానే అంచు కింద నుంచి రెండు మూడు బుడగలు బయటికి వచ్చాయి. మంట వెలుగుతున్నంతసేపూ నీళ్లు పెద్దగా కదలలేదు. మంట ఆరిన మరుక్షణం చరచరా లేచాయి. “చూస్తిరా!” అన్నాడు వాడు. ఇంకొక పిల్ల, “మూడు క్యాండిళ్లు పెడితే?” అంది. పక్కింట్లోంచి ఇంకో రెండు తెచ్చారు. అదే గ్లాసు, అదే గాలి, మూడు కొవ్వొత్తులు. నీళ్లు అంతకుముందుకన్నా బాగా పైకి వచ్చాయి. గ్లాసులో ఆక్సిజన్ మూడింతలు కాలేదు కదా. మరి పెరిగిందేమిటి?

“వేడి” అన్నారెవరో చీకట్లోంచి.

అదే జవాబు. మంట వేడికి గ్లాసులోని గాలి ఉబ్బి కొంత బయటికి పోతుంది. ఆ బుడగలు అవే. మంట ఆరాక మిగిలిన గాలి చల్లబడి ముడుచుకుంటుంది. బయటి గాలి తన బరువుతో నీళ్లను లోపలికి తోస్తుంది. ఆక్సిజన్ కొంత ఖర్చయ్యే మాట నిజమే, కానీ దాని బదులు కార్బన్ డయాక్సైడూ నీటి ఆవిరీ పుడతాయి. పైగా ఉన్న ఆక్సిజనంతా అయిపోకముందే కొవ్వొత్తి ఆరిపోతుంది. ఐదోవంతు లెక్క ఎవరో ఎప్పుడో కుదిర్చిన లెక్క.

అంటే ఇన్నేళ్లూ నేను తప్పు చెప్పాను. వందలమంది చేత తప్పు రాయించాను, మార్కులు వేశాను. ఒక్కడూ అడగలేదు. ఎందుకు అడుగుతాడు? వాడి ముందున్నది సుద్దముక్కతో గీసిన కొవ్వొత్తి. అది ఎప్పటికీ ఆరదు, అందులో నీళ్లు నేను గీసినప్పుడే లేస్తాయి. నిజం కొవ్వొత్తి పెట్టి ఉంటే నా తరగతిలోనూ ముక్కు చీదుకునేవాడొకడు లేచి ఉండేవాడేమో.

అగస్త్య వాళ్లు తమ పద్ధతిని మూడు చప్పుళ్లలో చెబుతారు. మొదట ‘ఆఁ!’ అన్న విస్మయం, తర్వాత ‘ఆహా!’ అన్న ఎరుక, చివర ‘హహ్హా’ అన్న ఆనందం. ఔననడం నుంచి ఎందుకనడానికి, చూడడం నుంచి గమనించడానికి, భయం నుంచి ధైర్యానికి పిల్లవాణ్ణి నడపాలన్నది వాళ్ల సూత్రం. కాగితం మీద చదివినప్పుడు ఇవన్నీ గోడ మీద రాసుకునే మాటల్లాగే అనిపిస్తాయి. గంగమ్మ గుడి అరుగు మీద అర్ధగంటలో వాటినన్నిటినీ నేను కళ్లారా చూశాను. అన్నిటికన్నా విలువైన మాట మాత్రం ఆ అమ్మాయిది. “నాకూ తెలీదురా. మళ్లీ చేసి చూద్దాం.” ఉద్యోగం చేసినన్నాళ్లూ ఆ మొదటి ముక్క నా నోట రాలేదు.

పిల్లలే గురువులు

ఇంకో గొప్ప పని గురించి చెప్పకపోతే అభినందన సగమే అవుతుంది. బడికి కొందరు పిల్లల్ని ఎంచి, వాళ్లకు ప్రయోగాలు నేర్పి, వాళ్ల చేతే మిగతా పిల్లలకు చెప్పించడం అగస్త్య మొదట్నుంచీ చేస్తున్న పని. చిన్నారి బోధకులన్నమాట. మార్కులు బాగా వచ్చేవాళ్లనే కాదు, వెనక బెంచీల్లో నోరు మెదపని పిల్లల్ని కూడా ముందుకు లాగారు.

మా కుప్పానికి గంగమ్మ జాతర ఎంతో, పిల్లలకు అగస్త్య సైన్స్ మేళా అంత. బల్ల వెనక నిలబడి చెప్పేది సర్కారు బడి పిల్లలు, ముందు నిలబడి వినేది పెద్దలు. అలా ఒక మేళాలో ఒక పిల్ల సూదిబెజ్జం కెమెరా చూపిస్తోంది. అగరొత్తుల డబ్బాకు ఒక పక్క సూదితో చిల్లి, ఇంకో పక్క నూనె రాసిన కాగితం. ఎండలో ఉన్న చెట్టు వైపు పెడితే కాగితం మీద చెట్టు తలకిందులుగా పడుతుంది. వచ్చినవాడు తెలుగువాడైతే తెలుగులో, తమిళాయనైతే తమిళంలో, కోలారు నుంచి వచ్చినవాళ్లకు కన్నడంలో చెబుతోంది. బడిలో మేము తప్పుల తడక అనుకున్న ఆ కలగాపులగం భాష ఆ బల్ల వెనక ఆస్తి అయింది.

ఆ పిల్లను నేనెరుగుదును. తరగతిలో హాజరు పలికేటప్పుడు ‘సార్’ అన్న మాట కూడా సగమే వినిపించేది. ఆ రోజు నన్ను చూసి గుర్తుపట్టి, “దగ్గరికి రాండి సార్, కన్ను దీని మీద పెట్టండి. తొందరపడొద్దండి” అంది. కన్ను పెట్టాను. తొందరపడలేదు.

ఎవరికైనా చెబితేనే మనకు బాగా వస్తుందని ప్రతి ఉపాధ్యాయుడికీ తెలుసు. ఆ రహస్యం మాతోనే ఉంచుకున్నాం. అగస్త్య దాన్ని పిల్లలకు పంచింది.

తెలుగువాళ్లకు కొత్తేమీ కాదు

బడి గోడ అవతల పిల్లలకు ఒక చోటు కల్పించడం తెలుగువాళ్లకు కొత్త కాదు. రేడియో అన్నయ్య న్యాయపతి రాఘవరావు, అక్కయ్య కామేశ్వరి దంపతులు బాలానందంతో ఆ పని చేశారు. పాట, నాటిక, బొమ్మ, పొడుపుకథ, ఇవన్నీ చదువేనని పెద్దలకు నచ్చజెప్పారు. 1945లో ‘బాల’ పత్రిక పెట్టారు. ఆ తర్వాత జనవిజ్ఞాన వేదిక చెకుముకి పత్రికతో, చెకుముకి పోటీలతో సైన్సును ఊరూరా తిప్పింది. మంత్రగాళ్ల మహిమల గుట్టు పిల్లల ముందే విప్పింది. ఆ వరసలో అగస్త్య చేర్చింది చేతిపని. విన్నది, చదివినది సరే, నీ చేత్తో చేసి చూడమంది.

గుడివంక గుట్ట మీద ఇప్పుడు నక్షత్రాలు చూపే కేంద్రముంది, బొమ్మలు వేసే చోటుంది. 2017లో శ్రీనివాస రామానుజన్ పేరుతో గణిత ఉద్యానం కూడా వెలిసింది. లెక్కల మీద నడవవచ్చు, లెక్కల్ని తిప్పవచ్చు, తలుపుల్లా తెరవవచ్చు. మా చిన్నప్పుడు లెక్కలంటే బెత్తం. ఇప్పుడు లెక్కలంటే తోట. రామానుజన్ పుట్టిన ఈరోడుకు మా ఊరు మరీ దూరమేమీ కాదు. అలాంటివాడు ఇంకొకడు మా పల్లెల్లో పుట్టి మేకలు కాస్తూ ఉంటే, కనీసం వాణ్ణి గుర్తుపట్టే చోటొకటి దగ్గర్లో ఉంది.

దండతో పాటు ఒక మాట

పెద్దవాళ్లు దీవిస్తూ కూడా ఒక మాట అంటారు. నేనూ అంటాను. వ్యాన్ వచ్చిన రోజు మా బడిలో పండగ. వ్యాన్ వెళ్లిన మర్నాడు మళ్లీ సుద్దముక్కే. ఏడాదికి కొన్నిసార్లు వచ్చే అతిథి, రోజూ ఉండే ఉపాధ్యాయుడి పని చేయలేడు, చేయనక్కర్లేదు. అతిథి వెళ్లాక ఇంట్లోవాళ్లు ఏం చేశారన్నదే లెక్క. వచ్చే పాతికేళ్లలో మీ వ్యాన్ కోసం ఎదురుచూసే బళ్లు పెరగాలని నేను కోరుకోను. మీ వ్యాన్ రాకపోయినా మీ పద్ధతి నడిచే బళ్లు పెరగాలని కోరుకుంటాను. మీరు దాచుకోకుండా పంచితేనే అది కుదురుతుంది. పాతికేళ్లు పంచారు కాబట్టి పంచుతారన్న నమ్మకం నాకుంది.

రామ్‌జీ రాఘవన్ గారికి, ఆయన వెంట నడిచిన పెద్దలకు, గుట్ట మీద మొక్కకు నీళ్లు పోసినవాళ్లకు రజతోత్సవ శుభాకాంక్షలు. ఎండనక వాననక బైకు వెనక పెట్టె కట్టుకుని తిరిగిన కుర్రవాళ్లకు, గుడి అరుగు మీద చాప పరిచిన అమ్మాయిలకు, పగిలిన గాజు ముక్కలు తామే ఊడ్చి, పిల్లవాడి మీద కేక వేయని ప్రతి ఇన్‌స్ట్రక్టర్‌కు నా నమస్కారం. వాల్మీకి మీ పూర్వీకుడికి పేరు పెట్టలేదు. పిల్లలూ మీ పేర్లు మరిచిపోతారు. కానీ గ్లాసులో నీళ్లు ఎప్పుడు లేచాయో మరిచిపోరు. శతమానం భవతి.

ఇక నా తోటి ఉపాధ్యాయులకు ఒక్క విన్నపం. రజతోత్సవానికి పూలదండలు కొనక్కర్లేదు. ఒక పళ్లెం, ఒక గాజు గ్లాసు, మూడు కొవ్వొత్తులు, ఒక అగ్గిపెట్టె. గ్లాసు పగిలితే డబ్బులు నేను కడతాను. సోమవారం పొద్దున బీరువా తాళం తీయండి.